ఐలెట్ మార్పిడికి యాంటీ ఆక్సిడెంట్లు: ల్యాబులో కలిపేవి, మనం మింగేవి, ఏది ఎంతవరకు?

మా అమ్మాయికి టైప్ 1 షుగర్ అని తెలిసి తొమ్మిదేళ్లయింది. ఈ తొమ్మిదేళ్లలో మా ఇంటికి వచ్చిన చుట్టాల్లో సగం మంది ఏదో ఒక సీసానో పొడి డబ్బానో చేతిలో పెట్టి వెళ్లారు. ప్రేమతోనే. మొన్న దసరాకి మా పెద్దాడపడుచు తెచ్చిన డబ్బా మీద "యాంటీ ఆక్సిడెంట్, క్లోమ కణాలకు రక్షణ" అని రాసి ఉంది. "అమెరికాలో కణాలు మార్చే వైద్యం వచ్చిందట కదమ్మా, ఆ కణాలు బతకాలంటే ఇవే కావాలట. ముందునుంచే వేస్తూ ఉండు" అంది.

"వదినా, ఆ కణాలకీ వీటికీ సంబంధం ఉన్న మాట నిజమే. కానీ ఆ సంబంధం ఈ డబ్బాలో లేదు" అన్నాను. ఆవిడకి ఆ పూట సగమే చెప్పగలిగాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఈ ప్రశ్న మా ఇంట్లో ఒక్కచోటే లేదు. టైప్ 1 పిల్లలున్న తల్లిదండ్రుల గ్రూపుల్లో నెలకోసారైనా వస్తుంది. నేను డాక్టర్ని కాదు. చదివి, అడిగి, మా డాక్టర్‌గారి దగ్గర సరిచూసుకున్న విషయాలివి.

ఐలెట్లంటే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే చిన్న చిన్న కణాల గుంపులు. వాటికి ఆక్సీకరణ దెబ్బ, అంటే ఆక్సిజన్ వాడకంలో పుట్టే పదార్థాల వల్ల కలిగే హాని, ఎందుకంత గట్టిగా తగులుతుందో ముందు తెలిస్తేనే ఈ పోలిక అర్థమవుతుంది.

క్లోమంలో ఐలెట్లు సుమారు 10 లక్షలు ఉంటాయి. అన్నీ కలిపినా క్లోమం బరువులో ఒకటి రెండు శాతమే. 1869లో పాల్ లాంగర్‌హాన్స్ అనే జర్మన్ వైద్య విద్యార్థి వీటిని మొదట గుర్తించాడు కాబట్టి ఆయన పేరుతోనే పిలుస్తారు. లెక్క కోసం ఒక ఐలెట్ వ్యాసం 0.15 మిల్లీమీటర్లు అనుకుంటారు. అంటే ముగ్గుపిండిలో ఒక రేణువంత. ల్యాబులో వాటిని గుర్తుపట్టడానికి డైథిజోన్ అనే రంగు వేస్తారు. ఐలెట్లలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల్లో దాంతో పాటు జింక్ కూడా ఉంటుంది కాబట్టి ఆ రంగు అక్కడే పట్టుకుంటుంది. మైక్రోస్కోపు కింద పసుపచ్చటి మడ్డి మధ్య కుంకుమ చల్లినట్టు ఐలెట్లు ఎర్రగా మెరుస్తాయి. ఆ ఫొటో మొదటిసారి చూసినప్పుడు మా అమ్మాయి ఒంట్లో లేనిది ఇదన్నమాట అనుకుని చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను.

అంత చిన్నవే అయినా, క్లోమానికి వచ్చే రక్తంలో 10 నుంచి 15 శాతం వీటికే పోతుంది. అంటే ఆక్సిజన్‌కి బాగా అలవాటుపడ్డ కణాలు. కానీ ఆక్సిజన్ వాడకంలో పుట్టే హానికర పదార్థాలను, అంటే ఫ్రీ రాడికల్స్‌నీ హైడ్రోజన్ పెరాక్సైడ్‌నీ, విరిచేసే సొంత ఎంజైములు మాత్రం వీటిలో తక్కువ. 1996లో జర్మనీలో సిగుర్ద్ లెంజెన్ బృందం ఎలుకల్లో వేర్వేరు అవయవాలను పోల్చి చూసి, కెటలేజ్, గ్లుటాథయోన్ పెరాక్సిడేజ్ అనే ఎంజైముల జన్యువులు ఐలెట్లలో చాలా తక్కువగా పనిచేస్తున్నాయని చూపించింది. కాలేయంలో అవి పుష్కలం. ఈ విషయంలో కాలేయం కోట అనుకుంటే, ఐలెట్ తడిక తలుపు ఇల్లు.

ఇప్పుడు ఆ తడిక తలుపు ఇంటిని పెకలించి ఊరు దాటించడమే ఐలెట్ మార్పిడి. దాత శరీరం నుంచి క్లోమం తీసి ఐసులో పెడతారు, అప్పటికే రక్తం ఆగిపోయి ఉంటుంది. తర్వాత కొలాజనేజ్ ఎంజైము ఎక్కించి, 1988లో కమిల్లో రికార్డీ రూపొందించిన గదిలాంటి పరికరంలో వెచ్చబెట్టి కదుపుతూ క్లోమాన్ని కరిగిస్తారు. విడివడిన ఐలెట్లను వడకట్టి శుభ్రం చేసి, ఒకటి రెండు రోజులు కల్చర్ ద్రవంలో, అంటే కణాలను ఒంటి బయట బతికించి ఉంచే ద్రవంలో, ఉంచుతారు. చివరికి కాలేయానికి వెళ్లే పోర్టల్ సిరలోకి సెలైన్ ఎక్కించినట్టు నెమ్మదిగా వదులుతారు. రక్తం తగలగానే అక్కడ గడ్డకట్టే చర్య, వాపు మొదలవుతాయి. కొత్త రక్తనాళాలు పుట్టుకురావడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. అందాకా అవి పక్కనుంచి ఊరివచ్చే ఆక్సిజన్ మీదే బతకాలి. అందుకే ఎక్కించిన ఐలెట్లలో సగం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, మొదటి కొద్ది రోజుల్లోనే పోతాయని అంచనా. ఒక మనిషికి ఇద్దరు ముగ్గురు దాతల ఐలెట్లు అవసరపడటానికి ఇదొక పెద్ద కారణం.

కాబట్టి యాంటీ ఆక్సిడెంట్ మంచిదా కాదా అని ఊరికే అడిగితే జవాబు దొరకదు. ఏ దశలో, ఎవరి చేతుల మీదుగా ఇస్తున్నారు అన్నదే అసలు తేడా.

ఐసులో ఉన్నప్పుడు

ఇది ఇప్పటికే వాడుకలో ఉన్న పద్ధతి. అవయవాలు నిల్వ ఉంచే ద్రావణాల్లో యూడబ్ల్యూ అనేది పేరున్నది. 1980లలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో బెల్జర్, సౌతార్డ్ తయారుచేశారు. అందులో గ్లుటాథయోన్, అల్లోప్యూరినాల్ రెండూ ఉంటాయి. యూరిక్ యాసిడ్‌కి మన ఇళ్లలో పెద్దవాళ్లు వేసుకునే అల్లోప్యూరినాలే ఇక్కడ ఫ్రీ రాడికల్స్ పుట్టుకను తగ్గించడానికి పనికొస్తోంది. ఒక ఇబ్బంది ఏమిటంటే గ్లుటాథయోన్ ద్రావణంలో నిల్వ ఉన్నకొద్దీ తనే ఆక్సీకరణ చెంది శక్తి కోల్పోతుంది.

ఈ దశలో ఎంచుకోవడానికి మనకేమీ ఉండదు, అది దాత ఆసుపత్రి, ఐలెట్ కేంద్రం చూసుకునే పని. ఇక్కడ ద్రావణంలో ఏముందన్నదానికన్నా క్లోమం ఎన్ని గంటలు ఐసులో ఉందన్నదే ఎక్కువ లెక్కలోకి వస్తుంది. పది గంటలు ఆలస్యమైన క్లోమాన్ని ఏ మందూ తాజాది చేయలేదు.

ల్యాబు కల్చర్‌లో ఉన్నప్పుడు

వీటన్నిటిలో నాకు ఎక్కువ నమ్మకం కలిగించింది ఇదే. ఐలెట్లు ఒంటరిగా గిన్నెలో ఉంటాయి. ఎంత మందు వేయాలో అంత కొలిచి వేయొచ్చు, పనికాగానే కడిగేయొచ్చు. రోగి ఒంట్లోకి ఆ మందు దాదాపు వెళ్లదు. కిడ్నీ మీదా కాలేయం మీదా భారం ఉండదు.

ఇక్కడ చాలా రకాలు ప్రయత్నించారు. నికోటినమైడ్, అంటే బి3 విటమిన్‌లో ఒక రూపం. విటమిన్-ఈ (E) తరహా పదార్థాలు. గ్లుటాథయోన్ తయారీకి ముడిసరుకైన గ్లుటమిన్. వీటికన్నా బలమైనవి సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ ఎంజైము చేసే పనే చేసే కృత్రిమ అణువులు. 2002లో పిట్స్‌బర్గ్ పరిశోధకులు అలాంటి ఒక అణువును మనిషి ఐలెట్లు వేరుచేసేటప్పుడు, కల్చర్‌లో ఉన్నప్పుడు కలిపితే బతికి బయటపడే ఐలెట్లు పెరిగాయని చూపించారు. విటమిన్-ఈ అణువు ఒకటి రెండు ఫ్రీ రాడికల్స్‌ని ఆపి తనే ఖర్చయిపోతుంది. ఈ కృత్రిమ అణువులు ఎంజైములాగా అదే పని మళ్లీమళ్లీ చేస్తాయి. గిన్నెలో రెండు రోజులు కాపలా కాయాల్సి వస్తే రెండోదే మేలు.

అయితే ఇది కూడా ఎక్కువగా గిన్నెలోనూ ఎలుకల్లోనూ నిరూపించిన సంగతే. ఫలానా మందు కలిపిన ఐలెట్లు పొందిన రోగులు ఐదేళ్ల తర్వాత ఇన్సులిన్ లేకుండా ఉన్నారు, కలపనివాళ్లు లేరు అని తేల్చి చెప్పగల పెద్ద పోలిక ఇంకా మన ముందు లేదు.

జన్యువులు మార్చి ఐలెట్లోనే కాపలా పెడితే

వినడానికి అన్నిటికన్నా బాగుండేది ఇదే. తలుపు బలహీనమైతే తలుపే మార్చేస్తే సరిపోదా? అమెరికాలో లూయీవిల్ విశ్వవిద్యాలయం బృందం ఒకటి ఇదే చేసింది. మెటలోథయోనిన్ అనే రక్షక ప్రొటీన్‌ని బీటా కణాల్లో ఎక్కువగా తయారయ్యేలా చేసిన ఎలుకల ఐలెట్లు ఆక్సిజన్ కొరతను తట్టుకున్నాయి. మార్పిడి చేశాక ఎక్కువ రోజులు బతికాయి. ఇది 2004 మాట. 2006లో అదే బృందం మెటలోథయోనిన్, కెటలేజ్ రెండిటినీ సహజంగా టైప్ 1 లాంటి షుగర్ వచ్చే ఎలుకల్లో పెట్టింది. రక్షణ పెరగాలి కదా? షుగర్ ఇంకా తొందరగా వచ్చింది.

నేను ఈ ఫలితం దగ్గర చాలా ఆలోచించాను. యాంటీ ఆక్సిడెంట్ అంటే ఎంత ఎక్కువైతే అంత మంచిది అనే నమ్మకం ఇక్కడే విరిగిపోతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ కొద్ది మోతాదులో విషం కాదు, కణం లోపల కబురు మోసే దూత. రక్తంలో గ్లూకోజ్ పెరిగిందన్న కబురు ఇన్సులిన్ విడుదల దాకా చేరడంలో దానికీ పాత్ర ఉందని ఆ తర్వాతి పరిశోధనల్లో తేలింది. దొంగని ఆపబోయి పోస్ట్‌మ్యాన్‌ని కూడా ఆపేస్తే ఇంటికి ఉత్తరాలు రావు. ఎక్కించే ముందు కొద్ది గంటలు గట్టి కాపలా పెట్టడం వేరు, జీవితాంతం అదే కాపలా ఉంచడం వేరు. కాబట్టి ఈ దారిని ప్రస్తుతానికి పరిశోధకులకే వదిలేద్దాం.

ఐలెట్ల మీద సన్నని పూత వేసే పద్ధతి కూడా ఉంది. అలబామా విశ్వవిద్యాలయంలో టానిక్ యాసిడ్ పొరలతో చేశారు. టీ డికాషన్‌లో, కరక్కాయలో వగరుగా తగిలేది ఈ జాతి పదార్థాలే. పొర తనే ఫ్రీ రాడికల్స్‌ని పీల్చుకుంటుంది, రోగనిరోధక కణాల కోపాన్నీ కొంత తగ్గిస్తుంది. ఆలోచన బాగుంది, కానీ ఎలుకల దశ. దీన్ని చూపించి కరక్కాయ పొడి అమ్మేవాళ్లుంటే నమ్మకండి. ఐలెట్ ఒంటి మీద పూసిన పొరకీ మన కడుపులోకి వెళ్లిన పొడికీ పోలికే లేదు.

నోటితో మింగితే

చుట్టాలు తెచ్చే డబ్బాల సంగతి ఇదే కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ చెప్పాలి.

2000లో కెనడాలోని ఎడ్మంటన్‌లో జేమ్స్ షాపిరో బృందం ఏడుగురికి ఐలెట్లు ఎక్కిస్తే ఏడుగురూ ఇన్సులిన్ మానేయగలిగారు. ప్రపంచమంతా ఆ పద్ధతి వైపు తిరిగింది. ఆ రోగులకి మార్పిడి మందులతో పాటు యాంటీ ఆక్సిడెంట్ విటమిన్లు కూడా ఇచ్చారు. "చూశారా, ఎడ్మంటన్‌లోనే ఇచ్చారు" అని కొందరు చెప్పేది దీన్ని పట్టుకునే. కానీ విటమిన్లు ఇవ్వని గుంపు పక్కన లేదు కాబట్టి ఆ గెలుపులో విటమిన్ల వాటా ఎంతో తేల్చలేం. స్టెరాయిడ్లు లేకుండా మందులు మార్చడం, ఒకరికన్నా ఎక్కువ దాతల నుంచి సరిపడా ఐలెట్లు ఇవ్వడం, ఈ రెండే అక్కడ పెద్ద మార్పులు.

పక్కన మరో గుంపు ఉంచి సరిగ్గా పోల్చిన ప్రయోగాలు ఏం చెప్పాయో చూడండి. యూరప్‌లో ఎండిట్ అనే అధ్యయనంలో, టైప్ 1 వచ్చే ప్రమాదం ఎక్కువగా ఉన్న 552 మంది కుటుంబ సభ్యులకి నికోటినమైడ్ లేదా ఉత్తుత్తి మాత్ర ఐదేళ్లు ఇచ్చారు. 2004లో వచ్చిన ఫలితం: తేడా లేదు. గిన్నెలో ఐలెట్లను కాపాడినదే నోటితో వేసుకుంటే షుగర్‌ని ఆపలేకపోయింది. హోప్ అధ్యయనంలో 9,500 మందికి పైగా ఉన్నారు, అందులో చాలామంది షుగర్ ఉన్నవాళ్లే. వాళ్లలో సుమారు సగం మంది విటమిన్-ఈ, మిగతావాళ్లు ఉత్తుత్తి మాత్ర వేసుకున్నారు. గుండెకి లాభం కనిపించలేదు. ఫిన్లాండ్‌లో పొగతాగే 29,133 మంది మగవాళ్లలో బీటా కెరోటిన్ వేసుకున్నవాళ్లకి ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చింది. సెలెక్ట్ అధ్యయనంలో రోజుకి 400 యూనిట్ల విటమిన్ ఈ వేసుకున్న మగవాళ్లలో ప్రొస్టేట్ క్యాన్సర్ 17 శాతం పెరిగింది. విటమిన్లే కదా, పోయేదేముంది అనుకునేవాళ్లు ఈ రెండు అంకెలు గుర్తుపెట్టుకోవాలి.

మా వదిన తెచ్చిన డబ్బా వెనక్కి తిప్పి చదివాను. విటమిన్ సి, ఈ, సెలీనియం, జింక్, ద్రాక్షగింజల సారం, పసుపు సారం, ఇంకా నాలుగు మూలికలు. మోతాదులు మొదటి నాలుగింటికే రాసి ఉన్నాయి. మిగతా వాటికి "మిశ్రమం" అని ఒకే అంకె. టైప్ 1 ఇంట్లో ఇలాంటి డబ్బాతో ఒక తక్షణ ప్రమాదం కూడా ఉంది. విటమిన్ సి రోజుకి 500 మిల్లీగ్రాములు దాటితే ఒంటికి అంటించుకునే కొన్ని సీజీఎం సెన్సార్లు (షుగర్‌ని ఎప్పటికప్పుడు కొలిచేవి) షుగర్‌ని ఉన్నదానికన్నా ఎక్కువ చూపించే అవకాశం ఉందని తయారీదారులే హెచ్చరిస్తారు. జలుబు చేసినప్పుడు చప్పరించే పుల్ల మాత్ర ఒక్కటే 500 ఉంటుంది. ఆ పైన డబ్బాలోది కూడా కలిస్తే దాటేసినట్టే. సెన్సార్ ఎక్కువ చూపించిందని దాన్ని దించడానికి అదనపు ఇన్సులిన్, అంటే కరెక్షన్ డోసు, వేస్తే అర్ధరాత్రి షుగర్ డౌన్ అయిపోతుంది. ఆ భయం ఏమిటో టైప్ 1 పిల్లల తల్లులకి నేను చెప్పక్కర్లేదు. అందుకని మా ఇంట్లో విటమిన్ సి మాత్ర వేసిన రోజుల్లో సెన్సార్ని నమ్మకుండా వేలు గుచ్చి చూస్తాం.

మార్పిడి అయిపోయినవాళ్ల విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. శరీరం కొత్త ఐలెట్లను తోసేయకుండా వాడే టాక్రోలిమస్ మోతాదు రక్తంలో చాలా సన్నని గీత మీద నడుస్తుంది. కొంచెం తగ్గితే ఐలెట్లకి ముప్పు, కొంచెం పెరిగితే కిడ్నీలకి. గ్రేప్‌ఫ్రూట్, మన పంపర పనస లాంటివి దాన్ని పెంచేస్తాయి. పసుపు సారం ఎక్కువగా తీసుకున్న ఒక రోగికి టాక్రోలిమస్ స్థాయి పెరిగి కిడ్నీ దెబ్బతిన్న సంఘటన వైద్య పత్రికల్లో నమోదైంది. కూరలో వేసుకునే చిటికెడు పసుపు గురించి కాదు నేను అనేది, క్యాప్సూళ్ల గురించి. ఐలెట్లను కాపాడాలని వేసుకున్న డబ్బా, వాటిని నిజంగా కాపాడుతున్న మందుతో తగువు పెట్టుకుంటే ఎలా?

కాబట్టి నా మాట ఇది. రక్త పరీక్షలో ఫలానా విటమిన్ లోపం ఉందని తేలి డాక్టర్ రాస్తే వేసుకోండి. ఐలెట్లకోసం అని సొంతంగా కొని వేసుకోకండి. గోంగూర, ఉసిరికాయ, జామకాయ, ఆకుకూరలు హాయిగా తినొచ్చు, కార్బ్స్ లెక్కలో పెట్టుకుంటే చాలు.

ఒక్క చోట మాత్రం నోటితో వేసుకునే యాంటీ ఆక్సిడెంట్ల గురించి డాక్టర్‌తో విడిగా మాట్లాడొచ్చు. అది టైప్ 1 కాదు, దీర్ఘకాలిక క్లోమశోథ, క్రానిక్ పాంక్రియాటైటిస్. క్లోమంలో రాళ్లు పడి, చిన్న వయసులోనే కడుపునొప్పి, తర్వాత షుగర్ వచ్చే రకం దక్షిణ భారతంలో ఎప్పటినుంచో ఉంది. హైదరాబాద్ ఏఐజీ ఆసుపత్రిలో ఈ రోగుల ఐలెట్ల మీద పరిశోధనలు కూడా జరిగాయి. ఢిల్లీ ఎయిమ్స్‌లో 127 మంది మీద చేసిన అధ్యయనంలో, 2009లో, యాంటీ ఆక్సిడెంట్ల మిశ్రమం వేసుకున్నవాళ్లకి నొప్పి ఉన్న రోజులు తగ్గాయి. 2012లో మాంచెస్టర్ నుంచి వచ్చిన అధ్యయనంలో లాభం కనిపించలేదు. రెండూ చదివాక నాకనిపించింది, నొప్పికోసం డాక్టర్ రాస్తే ప్రయత్నించి చూడటంలో తప్పులేదని, అంతే. షుగర్ రాకుండా ఆపుతుందని మాత్రం ఆశపడొద్దు. నొప్పి భరించలేక క్లోమం మొత్తం తీసేయాల్సి వచ్చినవాళ్లకి వాళ్ల సొంత ఐలెట్లనే కాలేయంలోకి ఎక్కించే పద్ధతి అమెరికాలోని మిన్నెసోటాలో 1977 నుంచి ఉంది. సొంత కణాలే కాబట్టి రోగనిరోధక శక్తిని జీవితాంతం మందులతో అణచాల్సిన పని లేదు.

ఇంతకీ మార్పిడే చేయించుకోవాలా అన్న ప్రశ్న

మన దగ్గర టైప్ 1కి దాత ఐలెట్ల మార్పిడి మామూలు చికిత్సగా దొరకదు. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ 2008 నుంచి ఇస్తోంది, కెనడా, ఆస్ట్రేలియాల్లోనూ ఉంది. అమెరికాలో 2023 జూన్‌లో ల్యాంటిడ్రా అనే ఐలెట్ చికిత్సకి అనుమతి వచ్చింది. అక్కడున్న మనవాళ్లు అడుగుతుంటారు కాబట్టి చెబుతున్నాను. షుగర్ డౌన్ అవుతున్న సంగతి తమకే తెలియక పదేపదే పడిపోయేవాళ్లకి ఉద్దేశించింది ఇది. ఇన్సులిన్ పంపు, సెన్సార్‌తో షుగర్ అదుపులో ఉన్న పిల్లలకి కాదు. ల్యాంటిడ్రా అధ్యయనాల్లో 30 మందికి ఇస్తే 21 మంది ఏడాది, అంతకుమించి ఇన్సులిన్ లేకుండా ఉన్నారు. ఐదుగురు ఒక్కరోజు కూడా మానలేకపోయారు. ఎడ్మంటన్ రోగులను ఐదేళ్లు చూస్తే పూర్తిగా ఇన్సులిన్ లేకుండా ఉన్నది సుమారు 10 శాతమే. కానీ సుమారు 80 శాతం మందిలో ఐలెట్లు ఎంతో కొంత పనిచేస్తూనే ఉన్నాయి. ఆ ఎంతో కొంత కూడా చిన్నది కాదు, షుగర్ డౌన్ అయి స్పృహ తప్పే గండం దాంతో తగ్గుతుంది.

మూలకణాల నుంచి తయారుచేసిన ఐలెట్లతో జిమిస్లెసెల్ అనే చికిత్స ఫలితాలు 2025లో వచ్చాయి. పూర్తి మోతాదు అందుకున్న 12 మందిలో పదిమంది ఏడాదికల్లా ఇన్సులిన్ మానేశారు. నాకు ఎక్కువ ఆశ ఉన్నది దీని మీదే, ఎందుకంటే ఇక్కడ దాత కోసం ఎదురుచూపు లేదు, క్లోమం గంటల తరబడి ఐసులో ఉండటం లేదు. ఆక్సీకరణ దెబ్బలో మొదటి వాటా అక్కడే తప్పిపోతుంది. కాలేయంలోకి వెళ్లాక తగిలే దెబ్బ మాత్రం అలాగే ఉంది, రోగనిరోధక శక్తిని అణిచే మందులూ అలాగే ఉన్నాయి.

విదేశాల్లో ఐలెట్ కేంద్రానికి వెళ్లేవాళ్లు అడగాల్సినవి కొన్ని. క్లోమం సగటున ఎన్ని గంటలు ఐసులో ఉంటుంది? కల్చర్‌లో ఎంతసేపు ఉంచుతారు, ఎక్కించే ముందు బతికున్న ఐలెట్ల శాతం ఎంత ఉండాలని పెట్టుకున్నారు? గడ్డకట్టకుండా, వాపు రాకుండా మొదటి రోజుల్లో ఏం ఇస్తారు? మీ కేంద్రంలో ఐదేళ్ల తర్వాత ఎంతమందిలో సీ-పెప్టైడ్ (ఒంట్లో సొంతంగా ఇన్సులిన్ తయారవుతోందనడానికి రక్తంలో కనిపించే గుర్తు) కనిపిస్తోంది? వీటికి అంకెలతో జవాబు చెప్పే కేంద్రం, యాంటీ ఆక్సిడెంట్ల పేర్లు గొప్పగా చెప్పే కేంద్రం కన్నా మేలు. వెళ్లేటప్పుడు ఇంట్లో వాడుతున్నవన్నీ ఒక కాగితం మీద రాసుకెళ్లండి. మాత్రలే కాదు, పొద్దున్నే నీళ్లలో కలుపుకునే పొడి, అమ్మమ్మ పంపిన లేహ్యం, చుట్టాలు ఇచ్చిన డబ్బా, అన్నీ.